నీరుగంటి లేని సముద్రము
(కణేకల్లులో చేసిన స్మారకోపన్యాసము యొక్క పాఠము)



ఎవరి జ్ఞాపకార్థమై ఈ సభ జరుగుచున్నదో ఆ మహనీయుడు, తన పేరిట శిలాఫలకము గాని పటము గాని పెట్టవలదని శిష్యులకు చెప్పిపోయినందున, ఆహ్వానపత్రికలో వ్రాసినట్లే నేనును ఆయనను అయ్యవారు అనియే పేర్కొందును. ఆయన ఈ ఊరి పిల్లలకు భూగోళము చెప్పినవారు. ముందుగా వారిని చెరువుకట్టమీదికి నడిపించుకొనిపోయి, తూమును, అలుగును, ఆయకట్టును చూపి, ఆ తరువాతనే గోడమీది ప్రపంచపటము దగ్గరకు తీసికొనివచ్చుట ఆయన పద్ధతి యని శిష్యులు నాకు తెలిపిరి. నేనును ఆ త్రోవనే నడువదలచి, ప్రపంచమునందలి సముద్రమత్స్యవ్యాపారమును విషయముగా ఎన్నుకొంటిని.

సాలుకు 550 మిల్లీమీటర్ల వానను సైతము నమ్ముకొనుటకు వీలుకాని ఈ మెట్టసీమలో, నైరృతి గాలులు వీచినపుడెల్ల హగరి యేటి ఇసుక లేచివచ్చి పొలములమీద మేటవేసి రైతును దిగులుపెట్టు బొమ్మనహాళ్, కణేకల్లు ప్రాంతములలో, ఏ దిక్కునకు పోయినను కడలిని చేరుటకు ఒక పగలు పట్టు ఈ చోట, సముద్రపు చేపలతో మనకేమి పని యని మీలో కొందరికి తోచవచ్చును. అట్లు తోచినవారు సంతనాడు ఉప్పుచేపల గంప ముందర ఒక్క నిమిషము నిలువబడి చూడవలెను. వ్రేలెడు పొడవు నెత్తళ్ళు, ఎండి తెల్లబడి, పొట్టమీద ఉప్పుపొర అంటుకొని, కన్నున్నచోట చిన్న నల్లచుక్క మాత్రము మిగిలి, డబ్బాతో కొలతకు సిద్ధముగా నుండును. ఆ డబ్బాడు చేపలలో, వేకువనే తెప్ప తోసికొనిపోయిన వాని శ్రమయు, తీరపుటిసుకలో వానిని ఆరబోసి కాకులను తోలిన స్త్రీ కూలియు, ఉప్పు వెలయు, లారీ బాడుగయు, అప్పిచ్చి చేపను పట్టకముందే కొనుక్కొన్న వర్తకుని లాభమును కలిసియున్నవి. కరవునాట రాగిసంకటికి తోడుగా పేదవాని పళ్ళెములో పడిన సముద్రము అదియే.

నేను ఈ సాయంకాలము చెప్పదలచినది ఒక్కటే. మీ పూర్వులు చెరువునకు నీరుగంటిని ఏర్పరచుకొనిరి. తూము ఎప్పుడు తీయవలెనో, ఎప్పుడు మూయవలెనో అతనికి తెలియును. ఏ మడికి ఎంతసేపు పారవలెనో అతడు చూచును. నీరు తక్కువైన యేడు ఆయకట్టులో ఏ భాగమునకు నాటు వేయవచ్చునో, ఏ భాగమును బీడు విడువవలెనో గ్రామపెద్దలు కట్టమీద కూర్చుండి నిర్ణయింపగా, ఆ నిర్ణయమును ధనికునికిని పేదకును ఒకే తీరున అమలుపరుపవలసినవాడు అతడు. అందులకు ప్రతిఫలముగా కళ్ళములో అతనికి మేర కొలిచిరి. అన్ని ఊళ్ళలోను అన్ని కాలములలోను అతడు న్యాయముగనే నడచెనని నేననను. పెత్తందార్ల మడికి ముందు పారిన నీటిని గూర్చి మీకు నాకంటె ఎక్కువ తెలియును. కాని చెరువు ఉమ్మడిసొత్తు గనుక దానికొక కాపరి యుండవలెనను ఎఱుక మాత్రము ఎన్నడును సందేహింపబడలేదు. సముద్రమును ఉమ్మడిసొత్తు అనిన ప్రపంచము, కాపరిని మాత్రము మరచినది. గడచిన నూటయేబది సంవత్సరముల మత్స్యపరిశ్రమ చరిత్ర యంతయు ఆ మరపు యొక్క చరిత్ర యని నా అభిప్రాయము.

1609లో హ్యూగో గ్రోషియస్ అను డచ్చి న్యాయశాస్త్రవేత్త, సముద్రము ఎవరి సొత్తును కాదనియు, అందు ఎల్లరును సంచరింపవచ్చుననియు ఒక గ్రంథము వ్రాసెను. ఆ వాదమునకు ఆధారముగా నున్న భావములలో ఒకటి, చేప ఎంత పట్టినను తరుగదనుట. 1883లో లండను నగరమున జరిగిన అంతర్జాతీయ మత్స్యప్రదర్శనమున థామస్ హక్స్లీ అంతటి ప్రకృతిశాస్త్రజ్ఞుడు, కాడ్, హెర్రింగ్ మున్నగు మహాసముద్రపు చేపలు తరుగనివని ప్రకటించెను. అప్పటి పడవలకును అప్పటి వలలకును సంబంధించినంతవరకే యని ఆయన ఒక కట్టుబాటు పెట్టియుండెను. ఆ కట్టుబాటును లోకము మరచి, తక్కిన మాటను శాసనమువలె పట్టుకొన్నది. అప్పటికే ఇంగ్లండు రేవులలో ఆవిరియంత్రపు పడవలు ట్రాలు వలలను లాగుట మొదలిడినవి. సంచివంటి ఆ వల నోరు తెరచుకొని యుండగా, క్రింది అంచు సముద్రపు అడుగును గీచుకొనుచు పోవును. పెద్దది, పిన్నది, కావలసినది, అక్కరలేనిది అను విచక్షణ దానికి లేదు.

1954లో ఫెయిర్‌ట్రై అను బ్రిటిషు నౌక బయలుదేరెను. దానిని నడపినది తిమింగిలముల వేటలో పేరుపొందిన సాల్వెసన్ కంపెనీ. తిమింగిలమును వెనుకవైపు వాలుమీదుగా ఓడపైకి లాగు విధానమునే చేపల వలకు వర్తింపజేసి, పట్టిన చేపను ఓడలోనే కోసి, ముక్కలుచేసి, గడ్డకట్టించి, మిగిలిన ఎముకలను పిండిచేయు కర్మాగారమును ఆ ఓడ పొట్టలో అమర్చిరి. సోవియట్ రష్యా, జర్మనీ, జపాను, స్పెయిన్ అట్టి ఓడలను వరుసగా నిర్మించెను. రేవునకు తిరిగిరావలసిన అక్కర తీరిపోయినందున, ఒకే చోట నెలల తరబడి రాత్రింబవళ్ళు వేటాడుట సాధ్యమయ్యెను.

కెనడా తూర్పుకొసన న్యూఫౌండ్లాండు దగ్గరి గ్రాండ్ బ్యాంక్స్ అను మెరక సముద్రము, 1497లో జాన్ కాబట్ చూచినది మొదలు, ఐదువందల ఏండ్లు యూరపునకు ఎండు కాడ్ చేపను ఇచ్చినది. కర్మాగారపు ఓడలు వచ్చిన పిమ్మట, 1968లో ఉత్తరపు కాడ్ ఒక్క సంవత్సరములోనే ఎనిమిది లక్షల టన్నులు పట్టబడెను. 1977లో కెనడా తన తీరమునుండి 200 నాటికల్ మైళ్ళవరకు తన అధికారమును చాటి, విదేశనౌకలను వెడలగొట్టినది. అయితే వారి స్థానమున తన కంపెనీల ఓడలనే నింపినది. తీరపు చిన్నపడవలవారు తమ వలలలో పడు చేప ఏటేట చిన్నదగుచున్నదని మొఱపెట్టుకొనిరి. లెక్కలు మాత్రము వేరుగా చెప్పెను. 1992 జులై 2న ఆ వేట నిలిపివేయబడెను. సుమారు ముప్పదివేల మంది ఒక్కనాడు పనిలేనివారైరి. చేప తిరిగివచ్చుటకు కొద్ది ఏండ్లు చాలునని నాడు తలచిరి. కొద్దిపాటి వ్యాపారవేటకు అనుమతి తిరిగి వచ్చుటకు 2024 వరకు, అనగా ముప్పదిరెండేండ్లు పట్టెను. వేట మానిన తండ్రి కుమారుడు వేట నేర్వకయే మధ్యవయస్కుడగుటకు చాలినంత కాలమది.

ఇక పెరూ దేశపు కథ. దీనిని నేను కొంత విపులముగా చెప్పెదను, ఏలయనగా ఆ కథ మీ పొలములలోనికి వచ్చుచున్నది.

దక్షిణ అమెరికా పడమటితీరమున, గాలులు పైనీటిని పడమటికి నెట్టివేయగా, అడుగునుండి చల్లని సారవంతమైన నీరు పైకి వచ్చును. ఆ నీటిలో కంటికానని జీవజాలము పెరుగును. దానిని తిని అంకోవెటా అను చిన్నచేప, మన నెత్తళ్ళ కుటుంబమునకు చెందినది, లెక్కకందని గుంపులుగా పెరుగును. ఈ చేపను మనుష్యులు తినుట స్వల్పము. దానిని ఉడికించి, పిండి, ఎండబెట్టి, దంచి, చేపపిండిగా చేసి, అమెరికా, యూరపు దేశముల కోళ్ళకును పందులకును మేపుగా పంపిరి. 1950 ప్రాంతమున కాలిఫోర్నియా తీరపు సార్డిన్ చేప అడుగంటగా, అక్కడ పనిలేక నిలిచిపోయిన యంత్రములనే చవుకగా కొని పెరూకు తరలించుకొనిపోయిన సంగతి నాకు మిక్కిలి అర్థవంతముగా కనబడును. ఒకచోట చేపను తుదముట్టించిన యంత్రము, తుప్పు పట్టకముందే మరియొకచోట పనికి కుదిరినది. పెరూ, చేపల తూకములో ప్రపంచమున మొదటిదయ్యెను. 1970లో ఆ ఒక్క జాతి చేపయే కోటి ఇరువది లక్షల టన్నులకు పైగా పట్టిరి.

1972లో గాలులు మందగించెను. వెచ్చని నీరు వెనుకకు మరలివచ్చి, చల్లని ఊటను కప్పివేసెను. ఎల్‌నినో అని నేడు మీరు వార్తలలో వినునది ఇదే. ఆకలిగొన్న చేపగుంపులు తీరము దగ్గర మిగిలిన కొద్దిపాటి చల్లనినీటి పాయలలో క్రిక్కిరిసి చేరగా, వాని ఆపదను పడవలవారు అదృష్టముగా భావించి, అట్లు చేరినవానిని చేరినట్లే తోడుకొనిరి. 1973 నాటికి పట్టుబడి ఇరువది లక్షల టన్నుల ప్రాంతమునకు దిగజారెను; ప్రభుత్వము పరిశ్రమను జాతీయము చేసెను; అప్పటికి జాతీయము చేయుటకు మిగిలినవి పడవలును అప్పులును మాత్రమే.

అదే 1972లో భారతదేశమున నైరృతి ఋతుపవనము విఫలమయ్యెను. ఈ సభలోని పెద్దలకు ఆనాటి కరవు జ్ఞాపకముండును. అక్కడ చేప మాయమగుటయు ఇక్కడ వాన మొగము చాటువేయుటయు ఒకే కారణపు రెండు కార్యములని అప్పుడెంతమందికి తెలియును? దాని మూలమును వెదకినవాడు సర్ గిల్బర్టు వాకర్. 1904లో ఆయన భారతదేశపు వాతావరణశాఖకు అధిపతిగా వచ్చునాటికి, 1877, 1899 సంవత్సరముల మహాక్షామములు పాలకులకు మఱపురాని పాఠములై యుండెను. 1877 నాటి క్షామములో అప్పటి బళ్ళారి జిల్లా పడిన పాట్లు చరిత్రకెక్కినవి. ఈ రాయదుర్గము తాలూకా నాడు బళ్ళారిలోనిదే, 1953లో గదా అనంతపురమున చేరినది. వానను ముందుగా చెప్పగల ఉపాయమును వెదకుచు వాకర్, ప్రపంచమంతటి వాయుపీడనపు లెక్కలను పోల్చిచూచి, పసిఫిక్ మహాసముద్రమున ఒక వైపు పీడనము హెచ్చినపుడు హిందూమహాసముద్రపు వైపున తగ్గుననియు, అటు తగ్గినపుడు ఇటు హెచ్చుననియు కనిపెట్టెను. ఆ ఊగులాటకును పెరూ తీరపు వెచ్చనినీటికిని గల బంధమును 1969లో జేకబ్ బ్యెర్క్‌నెస్ నిరూపించెను. రాయలసీమ వంటి కరవునేలల ఆకలిని అర్థము చేసికొనుటకు మొదలిడిన విచారణ, పెరూ బెస్తవాని వలదాక పోయి ముగిసినది. అయ్యవారు జీవించియుండిన ఈ ఒక్క సంగతిపై ఒక పక్షము దినములు పాఠము చెప్పియుందురని నా నమ్మకము.

2023లో ఎల్‌నినో మరల వచ్చెను. ఆ యేటి ఆగస్టు నెల, 1901 తరువాతి లెక్కలలో, మన దేశమునకంతకును మిక్కిలి పొడి ఆగస్టు. పెరూ తీరమున ఈసారి ఏమి జరిగినది? శాస్త్రజ్ఞులు పడవలమీద పోయి చూచి, వలలో పడినవానిలో పిల్లచేపలే హెచ్చుగా నున్నవని చెప్పగా, ఆ దేశపు ప్రభుత్వము ఉత్తరమధ్య సముద్రమున ఆ యేటి మొదటి వేటకాలమును పూర్తిగా రద్దుచేసెను. వందలకొలది పడవలు రేవులో నిలిచెను. చేపపిండి ధర లోకమంతట పెరిగెను. నష్టము గొప్పది, కాని 1972లో లేని నీరుగంటి 2023లో ఉండెను. చేప నిలిచి, తరువాతి కాలమున మరల వలలోనికి వచ్చెను.

మన తీరమునకు వత్తము. 1905లో మద్రాసు ప్రభుత్వము సర్ ఫ్రెడరిక్ నికల్సన్‌ను మత్స్యవిచారణకు నియమించెను. మీ ఊరి సహకారసంఘమునకు మూలపురుషుడును ఆయనయే యనదగును. వ్యవసాయపు అప్పులమీదను సహకారబ్యాంకులమీదను ఆయన వ్రాసిన నివేదిక ప్రసిద్ధము. పెద్ద యంత్రపు ఓడలను తెచ్చి బెస్తవాని నెత్తిన కూర్చుండబెట్టుటకంటె, అతనికున్న తెప్పను, వలను, ఉప్పువేయు పద్ధతిని కొద్దికొద్దిగా బాగుచేయుటయే మేలని ఆయన తలపు. స్వాతంత్ర్యానంతరము మనము ఎన్నుకొన్న మార్గము వేరు. 1952 నాటి ఒడంబడికతో నార్వే సాయమున కేరళతీరమునకు మరపడవలు వచ్చెను. నైలాను దారము జనపనార వలలను తొలగించెను. రొయ్యకు అమెరికాలో గిరాకి పుట్టెను. రొయ్యను పట్టుటకు ట్రాలు వల దేశమంతట వ్యాపించి, 1976లో విశాఖపట్టణమున చేపలరేవు ఏర్పడునాటికి, మన జాలరి, వాడబలిజ, పట్టపు కులములవారి తెప్పలకును మరబోట్లకును ఒకే నీటిలో పోటీ మొదలయ్యెను.

ఉద్యోగరీత్యా నేను విశాఖలో నున్న కాలమున ఆ రేవును వేకువజామున అనేక పర్యాయములు చూచితిని. పదిపదునైదు దినములు సముద్రముమీద నుండి వచ్చిన బోటు గట్టుకు తగిలినంతనే, ఐసుగది మూత తీయుదురు. మొదట పైకి వచ్చునవి రొయ్యలు. వానిని కిలోకు ఎన్నెక్కునో లెక్కించి వేరువేరు తట్టలలో పోయుదురు. పిదప వంజరము, చందువ. అటుపైని కానాగంతలు, సావళ్ళు. అన్నిటికంటె కడపట, ఐసుగది అడుగున చితికి, బూడిదవన్నెగా ముద్దయైపోయిన కుప్ప యొకటి పారలతో ఎత్తబడును. అందు వ్రేలెడైనను పెరుగని వంజరపుపిల్లలు, చిట్టి పీతలు, పేరు తెలియని సన్నచేపలు కలగలిసి యుండును. దానిని కొనుటకు కోళ్ళమేత వ్యాపారి లారీ తెచ్చి నిలిపియుండును. రేవులో వేలంపాట యంతయు మొదటి తట్టల దగ్గర జరుగును. కాని ఆ రేవు భవిష్యత్తు మాత్రము ఈ కడపటి కుప్పలోనే యున్నదని నాకు తోచెడిది. రెండేండ్లు ఆగిన ఏ పిల్లచేప తట్టకు అనేక రెట్లు వెల తెచ్చియుండునో, అది కోడిమేతయై పోవుచున్నది. బోటు యజమానిని నిందించుట సులభము. డీజిలు అప్పు, ఐసు అప్పు, వల అప్పు మీదబడియున్నవాడు ఏ చేపను నీటిలో విడువగలడు?

చట్టము లేదని కాదు. 1994 నాటి ఆంధ్రప్రదేశ్ సముద్రమత్స్యవేట నియంత్రణచట్టము ప్రకారము తీరమునుండి 8 కిలోమీటర్ల వరకు నీరు సంప్రదాయపు తెప్పలది. మరబోట్లు దానికి ఆవలనే వేటాడవలెను. చేప గ్రుడ్లు పెట్టు కాలమున, ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు 61 దినములు తూర్పుతీరమంతట మరపడవల వేట నిషిద్ధము. ఆ దినములలో పస్తుండకుండుటకు కుటుంబమునకు ప్రభుత్వమిచ్చు భృతి 2025లో ఇరువదివేల రూపాయలకు పెంచబడెను. ఇవి మంచి ఏర్పాట్లు. కాని ఎనిమిది కిలోమీటర్ల గీతను నీటిమీద గీయుట ఎట్లు? రాత్రివేళ దానిని దాటివచ్చిన బోటును చూచువాడెవడు? 2022 జనవరిలో విశాఖలో, చేపగుంపును చుట్టివేయు రింగువలల విషయమై రెండు పేటల జాలరుల మధ్య తగవు ముదిరి, నడిసముద్రమున పడవలు తగులబడెను. ఇరువైపులవారును జాలరులే. చెరువులో నీరు అడుగంటినపుడు అన్నదమ్ముల మధ్య గట్టుతగాదా వచ్చినట్లే, చేప తగ్గినచోటనే వలతగాదా పుట్టును.

తగవుపడనివారు వలసపోవుదురు. ఈ విషయమున శ్రీకాకుళమునకును అనంతపురమునకును నేను భేదమెంచను. ఇక్కడివారు బెంగుళూరు కట్టడపుపనులకు పోయినట్లు, అక్కడి మత్స్యకారులు గుజరాతులోని వేరావల్ రేవునకు పోయి, పరాయివాని బోటులో కలాసీలుగాను తండేళ్ళుగాను కుదురుదురు. 2018 నవంబరులో అట్టివారిలో ఇరువదిమందికి పైగా, కంటికి కనబడని సరిహద్దును దాటిరను నేరముపై పాకిస్తాను చెరలో పడి, అత్యధికులు 2020 జనవరిలో వాఘా మీదుగా తిరిగివచ్చిరి. సొంతతీరమున చేపయుండిన, శ్రీకాకుళపు బెస్తవాడు అరేబియా సముద్రమునకేల పోవును? ఈ ప్రశ్నను వారి విడుదలనాడు వేసినవారు నాకు కనబడలేదు.

సముద్రపువేట పెరుగుట 1990 ప్రాంతముననే ఆగిపోయినది. ప్రపంచమంతట ఏటికి ఎనిమిది కోట్ల టన్నుల దగ్గర అది నిలిచియున్నది. 2022లో మొదటిసారిగా, వేటాడి పట్టిన చేప, రొయ్యలకంటె పెంచి పట్టినవి ఎక్కువయ్యెను. ఈ మార్పులో ఆంధ్రదేశము ముందువరుసలో నున్నది. కైకలూరు, ఆకివీడు ప్రాంతముల చెరువులనుండి బొచ్చె, శీలావతి చేపలు ఐసులో పేర్చబడి లారీలమీద హౌరాకును గౌహతికిని పోవును. అచ్చటి చేపలకు వేయు మేత ఏమిటో మీరెరుగుదురు: తవుడు, చెనక్కాయ చెక్క. వాన పడక మీ చేలో ఊడలు దిగని యేడు, గానుగలో చెక్క తగ్గి, కొల్లేటి రైతునకు మేత ఖర్చు పెరుగును. అందుచే మీరు ఈ పరిశ్రమకు పరాయివారు కారు.

చేపలపెంపకమే సముద్రమునకు విరుగుడని కొందరు పండితులు చెప్పుదురు. చెక్కయు తవుడును తిని పెరుగు బొచ్చె విషయమున అది నిజము. రొయ్య విషయమున సగము మాత్రమే నిజము. రొయ్యమేతలో చేపపిండి యుండును గనుక, ఒక సముద్రపు చేపను మరియొక దేశపు రొయ్యగా మార్చి తినుటయే అందలి వ్యాపారము. 2023-24లో మన దేశము 60,523 కోట్ల రూపాయల విలువగల సముద్రోత్పత్తులను విదేశములకు పంపెను. అందు అగ్రస్థానము ఘనీభవించిన రొయ్యది, ఆ రొయ్యలో పెద్దభాగము ఆంధ్రులది. ఆ ధనము నెల్లూరు, భీమవరము ప్రాంతములకు చేసిన మేలును నేను తక్కువచేయను. అయినను 1994-95లో తెల్లమచ్చ తెగులు చెరువులను తుడిచిపెట్టుటయు, కొల్లేరు సరస్సు గర్భమునందే చెరువులు తవ్వి 2006లో వానిని పగులగొట్టవలసివచ్చుటయు, 2025లో అమెరికా సుంకము పెంచగానే గట్టుమీద రొయ్య ధర పడిపోవుటయు చూచినపుడు, కొలత లేనిచోట నేలమీదనైనను నీటిమీదనైనను ఒకే గతి పట్టునని తెలియుచున్నది.

కొలత తెలిసినవారు మనలోనే కలరు. ఆంధ్ర, తమిళ దేశముల నడుమనున్న పులికాట్ సరస్సులో, రొయ్యల వలలు నాటు మంచి తావులను వంతులవారీగా పంచుకొను పాడు అను కట్టుబాటు తరతరములుగా నున్నది. ఏ తావు ఎవరిది, ఏ దినమున ఎవరి వంతు అనునది చీట్లువేసి నిర్ణయింతురు. వంతు కానివాడు ఎంత బలవంతుడైనను ఆ దినమున అచ్చట వల వేయరాదు. తప్పినవానికి కులపెద్దల ఎదుట జరిమానా. అందులోను లోపములున్నవి, వంతులో చేరుటకు హక్కున్న కుటుంబములు కొన్నియే, తక్కినవారు వెలియే. కాని నీటిలో గీత గీయలేమనువారికి, గీత గీయకయే నడచిన ఆ సరస్సు సమాధానము చెప్పుచున్నది.

ఇక లోకమంతటి కట్టుబాటు మాట. 2022 జూన్ 17న జెనీవాలో, ప్రపంచవాణిజ్యసంస్థ సభ్యదేశములు చేపల వేటకిచ్చు రాయితీలనుగూర్చి ఒక ఒప్పందమునకు వచ్చెను; అది 2025 సెప్టెంబరు 15న అమలులోనికి వచ్చినది. చట్టవిరుద్ధపు వేటకును, అడుగంటిన జాతుల వేటకును రాయితీ ఇయ్యరాదని దాని సారాంశము. ఓడల సంఖ్యనే విపరీతముగా పెంచు రాయితీల మాట ఇంకను తేలలేదు. దూరసముద్రములలో వేటాడు ధనికదేశములు తమ రాయితీలను ముందుగా మానవలెననియు, చిన్నపడవల దేశములకు 25 సంవత్సరముల గడువు కావలెననియు మన దేశము వాదించుచున్నది. ఆ వాదము న్యాయమైనదని నేను నిస్సంకోచముగా చెప్పుదును. కర్మాగారపు ఓడకిచ్చు సబ్సిడీని, ఉప్పాడ తెప్పకిచ్చు డీజిలు రాయితీని ఒకే గాటకట్టుట ధర్మము కాదు. కాని ఆ 25 ఏండ్లలో ఆ కడపటి కుప్పను ఎవరు తగ్గింతురు? దానికి జెనీవాలో జవాబు లేదు.

నా సూచన చిన్నది. విశాఖలోని కేంద్ర సముద్రమత్స్యపరిశోధన సంస్థ కేంద్రమునకు ఏ జాతి ఎంత చిన్నదై వలలో పడుచున్నదో తెలియును. ఆ నీటిలో ఎవరి వల ఎవరికి అడ్డమో తీరగ్రామముల కులపెద్దలకు తెలియును. బోటు అప్పుల లెక్క యజమానుల సంఘమునకు తెలియును. ఈ మువ్వురును ఒకే చాపమీద కూర్చుండి, ప్రతి రేవునకును వలకన్ను కొలతను, రింగువలల వంతును, పిల్లచేప కుప్పకు మించరాని హద్దును ఏటేట నిర్ణయించి, ఆ నిర్ణయమును చూచువానికి చేపల వేలములోనుండి మేర కొలువవలెను. అట్టి కూటమికి మిక్కిలి అనువైన కాలము, పడవలన్నియు ఒడ్డుననుండు ఆ 61 దినములే.